నరకాన్ని నమ్మిన మనిషి

మన కావేరిపట్టణంలో మా యింటికి నాలుగిండ్ల అవతల వొక క్రైస్తవ కుటుంబం వున్నది. ఆ యింటి పెద్దాయన బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. పూర్వులది ఒంగోలు సీమ. వరుస లేకపోయినా నేను ఆయన్ని మామా అనే పిలుస్తాను. మొన్న వేసవిలో మామిడిపండ్ల బుట్ట పట్టుకుని వచ్చి మా అరుగుమీద కూర్చున్నప్పుడు, చాలాకాలంగా మనస్సులో వున్న మాట అడిగేశాను.

"మామా, క్రీస్తును నమ్మనివారికి నరకం తప్పదని మీరు నమ్ముతారు గదా! ముప్ఫైయేండ్లుగా నాతో కాఫీ తాగుతున్నారు. అది నిజమని నమ్మితే, నన్ను వొక్కనాడైనా హెచ్చరించకుండా మీకు నిద్ర యెట్లా పడుతున్నది?"

ఆయన నవ్వలేదు. కొంతసేపు వూరుకొని, క్లౌ దొరగారి సంగతి యెత్తారు.

జాన్ క్లౌ అమెరికా బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన బడికి అగ్రవర్ణాల పిల్లలు వచ్చేవారు. అదే సంవత్సరం యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోలు వ్యాపారం చేసే మాదిగ ఆయన. ఆయన వెంట ఆయన కులస్థులూ రాసాగారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలు రారన్నారు పెద్దకులాలవారు. నరకం అందరికీ వొకటే అయినప్పుడు దానిని తప్పించే మాట కొందరికే చెప్పడం యెట్లా? క్లౌ మాదిగలను విడువలేదు. పిల్లలు బడి మానేశారు. యింతవరకు నమ్మకానికీ నడతకూ పొత్తు కుదిరిందనే చెప్పాలి.

అసలు చిక్కు తరువాత వచ్చింది. 1876-78 కరువులో జనం ఆకలితో మాడిపోతున్నారు. క్లౌ పూర్వం తన దేశంలో భూములు కొలిచే పని చేసినవాడు గనుక, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి యిప్పించాడు. విరామ సమయంలో బోధకులు సువార్త చెప్పేవారు. విన్నవారు బాప్తిస్మం యిమ్మన్నారు. ఆయన యివ్వలేదు! సుమారు పదిహేను నెలలు వొక్కరికీ యివ్వలేదు. కూడుకోసం మతంలో చేరారన్న మాట రాకూడదనీ, నిజంగానే అందుకోసం యెవరూ చేరకూడదనీ ఆయన పట్టుదల.

నేను వూరుకోలేదు. "ఆ పదిహేను నెలల్లో చచ్చిపోయినవారి మాటేమిటి మామా?"

"నీళ్లలో ముంచడం ఆపాడు గాని చెప్పడం ఆపలేదు నాయనా! రక్షించేది విశ్వాసం, బాప్తిస్మం దానికి గుర్తు మాత్రమే. అదీ మావాళ్ల మతం" అన్నారు.

యీ జవాబు నాకు పూర్తిగా రుచించలేదు. కాని నరకమని భయపెట్టి, అన్నమని ఆశపెట్టి మనుషులను పోగుచేయడం ఆ రోజుల్లో యెంత సులువో ఆలోచిస్తే, ఆ దొర సులువైన దారి పట్టలేదని వొప్పుకోక తప్పదు.

యిక నా దగ్గర యివ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ వొడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. యిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, యిద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని. క్లౌ స్వయంగా యెవరికీ యివ్వలేదు.

కథ అయిపోయింది. "అది సరే, నా ప్రశ్నకు జవాబేదీ?" అన్నాను.

మామ తలవంచుకున్నారు. "క్లౌ దొర ఆగడానికి కారణం వుంది. నేను నీకు చెప్పకపోవడానికి అటువంటి కారణమేమీ లేదు. మొగమాటం. చెబితే నీవు యీ అరుగుమీద కూర్చోనివ్వవేమోనని భయం."

"యిప్పుడు చెప్పండి" అన్నాను.

అరగంట చెప్పారు. గొంతు రెండుసార్లు బొంగురుపోయింది. నా ఆక్షేపణలు నేను చెప్పాను. కొన్నిటికి జవాబిచ్చారు, కొన్నిటికి తెలియదన్నారు. నా నమ్మకాలు నాకున్నవి. లోపలినుంచి మా ఆవిడ రెండు గ్లాసుల కాఫీ తెచ్చి మా మధ్య పెట్టింది. ఆయన చల్లారేవరకు తమ గ్లాసు ముట్టనేలేదు.