ఆగిన గుండె మళ్లీ కొట్టుకుంటే



ఈమధ్య ఒక కూడికలో అవయవదానం గురించి మాట్లాడాను. ప్రార్థన ముగిశాక ఒక పెద్దావిడ వచ్చి అడిగారు: "అయ్యగారూ, గుండె ఆగితేనే కదా మనిషి పోయినట్టు. ఆగిన గుండె ఇంకొకరిలో కొట్టుకుంటుందంటే, ఇచ్చిన మనిషి నిజంగా పోనట్టే కదా?" ఇది తేలిగ్గా దాటవేయవలసిన ప్రశ్న కాదు. ఒకరి ప్రాణం తీసి మరొకరికి పోయడాన్ని విశ్వాసులు ఒప్పుకోలేరు. కాబట్టి అసలు ఏం జరుగుతుందో చూద్దాం.

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ మనిషికి మనిషి గుండెను తొలిసారి అమర్చారు. ఆయన ఒక సంఘ కాపరి కుమారుడు. ఆ రోగి 18 రోజులు బతికి న్యుమోనియాతో మరణించాడు. మరుసటి ఏడాది హార్వర్డ్ వైద్యుల కమిటీ మెదడు మరణానికి నిర్వచనం ఇచ్చింది. అప్పటినుంచి చాలాకాలం గుండెలు బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచే వచ్చేవి. మన దేశంలో 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసినవారు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. గ్రీన్ చానల్ ఏర్పాటుచేసి తరలించారని మనం వార్తల్లో చదివే గుండెలు బ్రెయిన్ డెడ్ దాతలవే. ఆ మరణాన్ని నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి.

ఆ పెద్దావిడ అడిగింది వేరే పద్ధతి గురించి. మెదడు తీవ్రంగా దెబ్బతిన్నా బ్రెయిన్ డెడ్ కాని రోగులుంటారు. కోలుకునే ఆశ లేదని తేలాక, కుటుంబం ఒప్పుకుంటే వెంటిలేటర్ తీసేస్తారు. కొంతసేపటికి గుండె ఆగుతుంది. వెంటనే ఎవరూ చెయ్యి వేయరు. చాలాచోట్ల ఐదు నిమిషాలు వేచి చూసి, మరణాన్ని ప్రకటించాకే అవయవాలు తీస్తారు.

అలా రక్తం అందక నిలిచిపోయిన గుండె పనికొస్తుందా? 2014లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి వైద్యులు దీనికి జవాబు చూపారు. అలాంటి గుండెను ఒక యంత్రంలో ఉంచి, వెచ్చని రక్తం ఎక్కించి, శరీరం బయటే కొట్టుకునేలా చేశారు. బాగుందని తేల్చుకుని రోగికి అమర్చారు. 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, రోగుల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకుని చూస్తే, ఇలాంటి గుండె పొందినవారిలో ఆరు నెలలకు 94 శాతం బతికున్నారు. బ్రెయిన్ డెడ్ దాతల గుండె పొందినవారిలో అది 90 శాతం.

మరి దాత నిజంగా మరణించాడా? గుండె ఒక కండరం. దానికి రక్తం ఎక్కిస్తే కొంతసేపటి తర్వాత కూడా కదలగలదు. కానీ ఆ మనిషిలో రక్త ప్రసరణ ఆగి, దానంతట అది తిరిగి మొదలుకాని స్థితి వచ్చింది. మొదలుపెట్టే ప్రయత్నం చేయకూడదని ముందే నిర్ణయమైంది. ఐదు నిమిషాల గడువు అందుకే. ఆగిన గుండె తనంతట తానే కదలడాన్ని వైద్యులు మన లాజరు పేరుతోనే పిలుస్తారు. 2021లో మూడు దేశాల రోగులపై వెలువడిన పరిశీలనలో, వెంటిలేటర్ వంటి ఆధారాలు తీసేశాక గుండె అలా ఆగి మళ్లీ కదిలిన సందర్భాల్లో అతి పెద్ద వ్యవధి 4 నిమిషాల 20 సెకన్లు.

అయినా ఒక పద్ధతి విషయంలో నాకు సంకోచం ఉంది. కొన్నిచోట్ల మెదడుకు వెళ్లే రక్తనాళాలను మూసి, దాత ఒంట్లోనే గుండెను తిరిగి కొట్టిస్తారు. దీన్ని ఆపి ఆలోచించాలని 2021లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి కోరింది. ప్రసరణ ఆగిందని మరణం ప్రకటించి, అదే శరీరంలో ప్రసరణ మొదలుపెట్టడం సరైనదేనా అన్నది వారి ప్రశ్న. విశ్వాసులు కూడా అడగవలసిన ప్రశ్నే అది.

గట్టిగా పట్టుకోవలసిన నియమం ఒకటుంది. వెంటిలేటర్ తీయాలన్న నిర్ణయం ముందు జరగాలి, దానం మాట తర్వాత రావాలి. మరణాన్ని ప్రకటించే వైద్యుడు మార్పిడి బృందంలో ఉండకూడదు. గుండె కావాలి గనుక మరణాన్ని తొందరపెట్టడం పాపమే. సహజంగా వచ్చిన మరణం తర్వాత ఇచ్చేది దానం.

దేహం అసంపూర్ణంగా సమాధికి వెళ్తే పునరుత్థానం ఎలా అని కొందరు భయపడతారు. మంటల్లో కాలిన, సముద్రంలో మునిగిన హతసాక్షులను లేపగల దేవునికి ఇది కష్టమా? గలతీయులు వీలైతే తమ కన్నులు సైతం ఊడబీకి తనకు ఇచ్చి ఉండేవారని పౌలు వారిని గూర్చి సాక్ష్యమిచ్చాడు.

ఐసీయూ తలుపు దగ్గర నిలబడిన కుటుంబం కన్నీళ్లతో ఇవన్నీ తేల్చుకోలేదు. అందుకే ఈ వారం కుటుంబ ప్రార్థన తర్వాత మీ మనసులో ఉన్నది ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇవ్వాలనుకున్నా, వద్దనుకున్నా చెప్పండి. వద్దన్నవారిని సంఘంలో ఎవరూ తీర్పు తీర్చవద్దు. ఆ పెద్దావిడతో నేను ఇదే చెప్పాను. "అయితే మా అబ్బాయితో మాట్లాడతాను అయ్యగారూ" అన్నారామె.