ఇరవై ఏళ్ళకు తట్టిన తలుపు

మనం కాపురమున్న ఇంటి తలుపును మనమే తట్టి, లోపలినుంచి ఎవరో వచ్చి తీసేదాకా గడపలో నిలబడవలసి వస్తే ఎలా వుంటుంది? తలుపు తీసిన ఆమె ముఖం మనం ఎన్నడూ ఎరగనిది. కాని ఆమె వెనుక గోడమీద వున్న పటం మనం తగిలించినదే. కింద పరచిన తివాసీ మనదే. ఆమె మర్యాదగా లోపలికి రమ్మంటుంది. మన ఇంట్లోకి మనం చుట్టాలలాగా, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక, తడబడుతూ అడుగు పెట్టాలి.

అటువంటి గడపవద్దకు మనలను చెయ్యి పట్టుకుని తీసుకుపోయే చిన్న నవల ఒకటి అరబ్బు భాషలో వున్నది. 1969లో వెలువడింది. దాని పేరును మన భాషలో ‘హైఫాకు తిరిగివచ్చినవాడు’ అని చెప్పుకోవచ్చు. రాసినవాడు పాలస్తీనాకు చెందిన ఘస్సాన్ కనఫానీ. ఒక్క మధ్యాహ్నంలో చదివి ముగించవచ్చు. ముగించిన తరువాత ఆ రాత్రి నిద్ర పట్టడం మాత్రం కష్టం.

ఊరు విడిచిన రోజు

కథలోకి వెళ్ళేముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను యూదు రాజ్యంగానూ, అరబ్బు రాజ్యంగానూ విభజించే ప్రణాళికను ఆమోదించింది. యూదు నాయకులు ఒప్పుకున్నారు, అరబ్బులు ఒప్పుకోలేదు. నాడు భారతదేశం కూడా ఆ విభజనకు వ్యతిరేకంగానే వోటు చేసింది. వెంటనే కొట్లాటలు మొదలైనాయి. అంతవరకు ఏలిన బ్రిటిష్ వారు మూటాముల్లే సర్దుకునే తొందరలో వున్నారు. 1948 మే 14న ఇజ్రాయెల్ రాజ్యస్థాపన ప్రకటితమైంది. మర్నాడు చుట్టుపక్కల అరబ్బు దేశాల సైన్యాలు యుద్ధంలోకి దిగాయి. ఈ అల్లకల్లోలంలో సుమారు 7 లక్షలమంది పాలస్తీనా అరబ్బులు కాందిశీకులైనారు. కొందరిని తరిమివేశారు, కొందరు ప్రాణభయంతో పారిపోయారు. నాలుగు రోజులకు తిరిగి వస్తామనుకుని చాలామంది తాళాలు వేసి, తాళపుచెవులు వెంట తీసుకుపోయారు. వారిని తిరిగి రానివ్వలేదు. ‘ఊళ్ళో లేనివారి ఆస్తి’ అనే పేరుతో 1950లో ఇజ్రాయెల్ ఒక చట్టం చేసి, ఆ ఇళ్ళనూ పొలాలనూ ప్రభుత్వాధికారి స్వాధీనంలో వుంచింది.

హైఫా మధ్యధరా సముద్రపుటొడ్డున, కార్మెల్ కొండ వాలులో వున్న రేవుపట్టణం. 1948 ఏప్రిల్ 21, 22 తేదీలలో యూదు సైనికదళాలు ఆ పట్టణాన్ని పట్టుకున్నాయి. 60 వేలకు పైగా వుండిన అరబ్బులలో కొద్దివేలమంది మాత్రమే అక్కడ మిగిలారు. తక్కినవారు రేవుకు పరుగెత్తి, దొరికిన పడవ ఎక్కారు.

నవలలోని సయీద్, సఫియా దంపతులు ఆ పడవ ఎక్కినవారే. ఆ ఉదయం సయీద్ ఏదో పనిమీద ఊళ్ళోకి వెళ్ళాడు. కాల్పులు మొదలైనాయి. ఇంటికి పోయే దారులన్నీ మూసుకుపోయాయి. జనం అతణ్ణి రేవువైపు నెట్టుకుపోతున్నారు. ఇంట్లో సఫియా భర్తకు ఏమైనదోనన్న ఆదుర్దాతో, అయిదు నెలల పసివాడు ఖల్దూన్‌ను పడకమీద వుంచి, ఒక్క నిమిషం చూసివద్దామని వీధిలోకి వచ్చింది. జనప్రవాహం ఆమెనూ లాక్కుపోయింది. భార్యాభర్తలు ఒకరినొకరు కలుసుకున్నారు. కాని వెనక్కి తిరగడానికి ఇద్దరికీ వీలులేకపోయింది. తెప్పరిల్లి చూసుకునేసరికి పడవ రేవు వదిలింది. బిడ్డ ఇంట్లోనే వున్నాడు.

మళ్ళీ ఆ వీధిలో

ఇరవై ఏళ్ళు గడిచాయి. వారు రామల్లాలో స్థిరపడ్డారు. ఇంకా పిల్లలు పుట్టారు. ఖల్దూన్ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. తరువాత పుట్టిన కొడుక్కి సఫియా ఖాలిద్ అని పేరు పెట్టింది. పోయిన పేరుకు ఈ పేరు ఎంత దగ్గరో గమనించారా? తల్లి పైకి చెప్పుకోలేని మాట ఆ పేరులోనే దాగి వున్నది.

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్ రామల్లాను, పడమటి గట్టు ప్రాంతమంతటినీ ఆక్రమించుకున్నది. విచిత్రమేమంటే, ఓడిపోవడంతోనే సరిహద్దు తెరుచుకున్నది! అంతవరకు కాలు పెట్టనివ్వని ఊళ్ళను చూసిరావడానికి పాత కాపురస్థులకు వీలు కలిగింది. సయీద్, సఫియాలు కారులో హైఫాకు బయలుదేరారు. దారిలో యుద్ధం సంగతీ, రాజకీయాల సంగతీ మాట్లాడుకున్నారు గాని, ఎందుకు పోతున్నారో ఆ ఒక్క సంగతీ ఇద్దరూ ఎత్తలేదు.

తలుపు తీసినది మిరియమ్ అనే యూదు స్త్రీ. ఇక్కడే కనఫానీ గొప్పతనం కనిపిస్తుంది. తన ఊరిని పోగొట్టుకున్న రచయిత, ఆ ఊరిలో వచ్చి కూర్చున్న మనిషిని రాక్షసిగా చిత్రించడం సులభం. ఆయన అలా చెయ్యలేదు. మిరియమ్ పోలండునుంచి వచ్చింది. ఆమె తండ్రి ఆష్విట్జ్ మృత్యుశిబిరంలో చనిపోయాడు. పదేళ్ళ తమ్ముణ్ణి జర్మన్ సైనికులు ఆమె దాక్కునివుండగా కాల్చి చంపారు. అన్నీ పోగొట్టుకుని, భర్తతో ఆమె హైఫా చేరింది. చేరిన కొత్తల్లో ఒక దృశ్యం చూసింది: ఇద్దరు సైనికులు ఒక అరబ్బు పిల్లవాడి శవాన్ని కట్టెముక్కను విసిరినట్టు లారీలోకి విసిరారు. తన తమ్ముడు ఆమె కళ్ళముందు మెదిలాడు. ఈ దేశం వద్దు, తిరిగి పోదామని భర్తతో అన్నది. కాని పోలేదు. వారికి పిల్లలు లేరు. అధికారులు ఒక ఇల్లు ఇస్తామన్నారు. ఆ ఇంట్లో దొరికిన పసివాణ్ణి కూడా పెంచుకోవాలన్నారు. ఆమె ఒప్పుకున్నది.

కనుక ఆ గదిలో ఎదురెదురుగా కూర్చున్నది ఇద్దరు తల్లులు, ఇద్దరూ కాందిశీకులే. ఒకామె పోగొట్టుకున్నది రెండవ ఆమె చేతికి వచ్చింది. గాజుకూజాలో వుంచిన నెమలి ఈకలను సయీద్ లెక్కపెట్టుకుంటాడు. వారు వెళ్ళేనాటికి ఏడు. ఇప్పుడు అయిదే వున్నాయి. ఇంత పెద్ద నష్టంలో ఆ రెండు ఈకల కోసం వెతికే మనిషిని చూస్తే గుండె కలుక్కుమంటుంది. తక్కిన రెండూ పిల్లవాడు ఆడుకుని పోగొట్టివుంటాడు. ఏ పిల్లవాడు?

కుంతి, కర్ణుడు

మన భారతంలో కుంతి యుద్ధానికి ముందు కర్ణుడి దగ్గరకు వెళ్ళిన ఘట్టం మనకందరికీ తెలిసినదే. కన్నది కుంతి, పెంచినది రాధ. ఇన్నాళ్ళకు వచ్చి కొడుకా అన్న తల్లికి కర్ణుడు నమస్కరించాడు గాని, తనను సాకినవారినీ, తనను నమ్మినవారినీ విడిచి రానన్నాడు. ఎదుటి పక్షంలో వున్నది తన తమ్ముళ్ళే అని తెలిసి కూడా రానన్నాడు.

హైఫా ఇంట్లో జరిగినదీ అదే. సాయంత్రానికి కొడుకు వచ్చాడు. పేరు ఖల్దూన్ కాదు, దోవ్. ఒంటిమీద ఇజ్రాయెల్ సైనికుడి దుస్తులు వున్నాయి. తాను పెంపుడు కొడుకునని మూడు నాలుగేళ్ళ క్రితందాకా అతనికి తెలియదు. కన్నవారు అరబ్బులని తరువాత తెలిసింది. తనకు తల్లి మిరియమ్ అనే అతడు చెబుతాడు. పైగా కన్నవారిని ఒక ప్రశ్న అడుగుతాడు. అయిదు నెలల బిడ్డను విడిచి ఎలా పోయారు? పోయినవారు ఈ ఇరవై ఏళ్ళూ ఏం చేశారు? ఏడవడం తప్ప మరేమైనా చేశారా?

ఈ ప్రశ్న అన్యాయమైనదని మనకు తెలుసు. పడవలోకి నెట్టినది ఎవరో మనం చూశాము. అయినా సయీద్ దగ్గర తడుముకోకుండా చెప్పగల జవాబు లేదు. ఆ మౌనంలో అతనికి ఒకటి బోధపడుతుంది: రక్తసంబంధం ఒక్కటే మనిషిని మనవాణ్ణి చెయ్యదు. అతడు దేనికోసం నిలబడ్డాడో దానినిబట్టే ఎవరివాడైనదీ తేలుతుంది. స్వదేశమంటే నెమలి ఈకలూ, గోడమీది పటమూ కావు. ఇరవై ఏళ్ళుగా తాను వెతికినది జ్ఞాపకాల దుమ్ములో మాత్రమేనని అతడు సిగ్గుపడతాడు.

నవలలో మరొక చిన్న ఉపకథ వున్నది. రామల్లాలో వీరి పొరుగువాడొకడు యాఫాలోని తన పాత ఇల్లు చూడడానికి వెళతాడు. 1948 పోరాటంలో చనిపోయిన అతని అన్న పటం ఆ గోడమీద అలాగే వున్నది. అందులో కాపురముంటున్న అరబ్బు కుటుంబం దానిని ఇరవై ఏళ్ళుగా కాపాడింది. అతడు పటం తీసుకుని బయలుదేరాడు. సగం దారిలో, దానిమీద హక్కు తనకంటె వారికే ఎక్కువ వున్నదనిపించి, తిరిగి పోయి ఇచ్చివేశాడు. ఎవరు కాపాడితే వారిదే జ్ఞాపకం అని రచయిత మనకు చెప్పకనే చెబుతాడు.

తండ్రి కోరిక

ఇంటి దగ్గర వున్న రెండవ కొడుకు ఖాలిద్ పోరాటయోధులలో చేరతానంటే అంతకుముందు తండ్రి ససేమిరా ఒప్పుకోలేదు. ఒక కొడుకును పోగొట్టుకున్న తండ్రి మరి ఎలా ఒప్పుకుంటాడు? హైఫానుంచి తిరిగి వచ్చేటప్పుడు, తాము లేని సమయంలో ఖాలిద్ వెళ్ళిపోయివుంటే బాగుండునని అదే తండ్రి కోరుకుంటాడు. అంటే రేపు ఖాలిద్, దోవ్ తుపాకులతో ఎదురుపడవచ్చు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

ఈ ముగింపు చదివి కొందరు పాఠకులు నొచ్చుకుంటారు. నొచ్చుకోవడం సహజమే. రచయిత స్వయంగా ఒక సాయుధ సంస్థకు ప్రతినిధి. దాని వారపత్రికకు సంపాదకుడు. ఆయన పక్షమేదో దాచుకోలేదు. ఆ దారి సరియైనదా అని మనం వాదించవచ్చు. కాని కొడుకు క్షేమం తప్ప మరేమీ కోరని ఒక సామాన్య గృహస్థు ఒక్క రోజులో అటువంటి కోరిక కోరేలాగా మారాడంటే, అతనికి జరిగినది ఎంతటిదో ఆలోచించక తప్పదు. ఈ నవల మనకు ఓదార్పు ఇవ్వదు. ఆ తండ్రి పక్కన కారులో కూర్చోబెట్టి, రామల్లాదాకా తీసుకువస్తుంది. అంతే.

కనఫానీ 1936లో అక్కా పట్టణంలో పుట్టాడు. పన్నెండవ ఏట, 1948లో, కుటుంబంతో పాటు దేశం విడిచాడు. డమాస్కసులో కాందిశీకుల పిల్లలకు పాఠాలు చెప్పాడు. కువైటులో వుద్యోగం చేశాడు. బీరూట్‌లో పత్రికారచయిత అయినాడు. 1972 జూలై 8న బీరూట్‌లో ఆయన కారులో బాంబు పేలింది. అది ఇజ్రాయెల్ గూఢచారుల పని అని లోకమంతా అనుకున్నది. ఆయనతోపాటు కారులో వున్న మేనకోడలు కూడా మరణించింది. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలే.

పుస్తకానికి మాత్రం మరణం లేదు. 2008లో టెల్ అవీవ్‌లోని కమేరీ రంగస్థలంమీద ఈ కథను హీబ్రూ భాషలో నాటకంగా ఆడారు. హైఫాలో తలుపు తీసినవారి మనుమలు కూర్చుని, తలుపు తట్టినవారి కథ చూశారన్నమాట! పాలస్తీనా సంతతికి చెందిన అమెరికా రచయిత్రి సూసన్ అబుల్హవా కూడా ఈ కథా బీజంతోనే ఒక పెద్ద నవల రాసింది. ఒక గ్రామ కుటుంబం నాలుగు తరాలపాటు పడిన పాట్లు, సైనికుడు ఎత్తుకుపోయిన పసివాడు, జెనిన్ కాందిశీక శిబిరంలో మిగిలినవారి బ్రతుకు అందులో వున్నాయి. 2010లో ‘మార్నింగ్స్ ఇన్ జెనిన్’ అనే పేరుతో వచ్చిన ఆ ఇంగ్లీషు నవల అనేక భాషలలోకి వెళ్ళింది.

ఐక్యరాజ్యసమితి పట్టికలలో నేడు పాలస్తీనా కాందిశీకులు సుమారు 59 లక్షలు. నాడు ఇల్లు విడిచినవారి బిడ్డలు, మనుమలు, మునిమనుమలు వీరిలో వున్నారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడితో మొదలైన యుద్ధంలో గాజా జనులలో పదింట తొమ్మిదిమంది మళ్ళీ ఇళ్ళు విడిచి పోవలసి వచ్చిందని ఆ సమితే చెప్పింది. ఆ జనంలో ఎందరు సఫియాలు ఒక్క నిమిషమని వీధిలోకి వచ్చారో!

రాత్రి పడుకోబోయేముందు మనం అలవాటుగా తలుపు గడియ వేసుకుంటాము. పిల్లలు పడకమీద వున్నారా అని ఒకసారి తొంగి చూస్తాము. ఈ చిన్న నవల చదివిన తరువాత, ఆ రెండు పనులూ ఎంత పెద్ద భాగ్యమో తెలుస్తుంది.