శబ్ద నిదానం

తెలుగులో ‘నిదానం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. నిత్యవ్యవహారంలో తొందరపాటు లేకపోవడం నిదానం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడం నిదానం. మాధవకరుని ‘మాధవ నిదానం’ అనే వైద్యగ్రంథానికి ఆ పేరు రెండవ అర్థంలోనే వచ్చింది. యంత్రాలకు కలిగే జబ్బుల విషయంలో ఈ రెండర్థాలూ ఒక్కటవుతాయి. తొందరపడినవారికి కారణం దొరకదు. పాత మోటారుకారు అడుగుభాగం నుండి వినవచ్చే ‘ధబ్ ధబ్’ మనే మోత ఇందుకు చక్కని ఉదాహరణ.

గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున వెలసిన కోనసీమకు అమలాపురం ముఖ్యపట్టణం. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు కేంద్రం కూడా అదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. అందువల్ల ఇక్కడి దారులు అనేకం కాలువగట్లను ఆశ్రయించి సాగుతాయి. మలుపులు, వంతెనల వద్ద ఎత్తుపల్లాలు వాటికి సహజం. సముద్రం మీదుగా వీచే ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన గోదావరి వరదలు లంకగ్రామాలను ముంచెత్తాయి. గాలి, నీరు, గతుకులు అనే ఈ మూడూ కారు అడుగుభాగానికి శత్రువులే.

తెలుగునాట పెళ్ళివారిని, రోగులను, అధికారులను ఒకే తీరుగా మోసిన కారు అంబాసిడర్. పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపరలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని 1950ల చివరి నుండి 2014 వరకు తయారుచేసింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. 1955లో బ్రిటన్‌లో వెలువడిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారుకు, ఈ సాధువైన అంబాసిడర్‌కు చుట్టరికం ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది. రెండింటిలోను ఒకే కుటుంబానికి చెందిన 1489 సి.సి. ఇంజన్లు వాడారు. రెండింటికీ వెనుక చక్రాలే చోదకచక్రాలు. రెండింటిలోను వెనుక ఇరుసు కమాను పట్టీల మీద నిలుస్తుంది. కనుక ఒకదాని మోతను గుర్తించే పద్ధతి రెండవదానికీ చాలావరకు వర్తిస్తుంది.

మోతకు మూలం తెలియాలంటే ముందుగా శక్తి నడిచే దారి తెలియాలి. ఇంజన్ శక్తి క్లచ్ ద్వారా గేరుబాక్సులో ప్రవేశిస్తుంది. అక్కడి నుండి ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడవైన గొట్టం దానిని వెనుకకు చేరవేస్తుంది. ఆ గొట్టం రెండు కొసలలో జాయింట్లు ఉంటాయి. గతుకులలో ఇరుసు పైకీ కిందికీ ఊగినప్పటికీ షాఫ్టు విరగకుండా తిరగడానికి ఇవే కారణం. వెనుక ఇరుసు మధ్య ఉన్న డిఫరెన్షియల్‌లో పినియన్ అనే చిన్న పళ్ళచక్రం క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. దాని వల్ల శక్తి రెండు చక్రాలకూ అందుతుంది. ఈ దారిలో ఎక్కడ సందు పెరిగినా, ఎక్కడ పన్ను విరిగినా చప్పుడు పుడుతుంది. అయితే లోహం గుండా ప్రయాణించిన ధ్వని పుట్టినచోటనే వినిపించదు. వెనుక టైరులోని లోపం గేరుబాక్సులో ఉన్నట్లు తోచవచ్చు. కనుక చెవి చెప్పిన చోటును వెంటనే నమ్మరాదు.

వైద్యుడు రోగిని ప్రశ్నించినట్లే నేర్పరియైన మెకానిక్ మొదట కారు నడిపేవానిని ప్రశ్నిస్తాడు. మోత బండి కదిలే క్షణంలో ఒక్కసారే వస్తుందా? వేగంతోపాటు లయబద్ధంగా పెరుగుతుందా? గతుకులలో మాత్రమే వినవస్తుందా? క్లచ్ వదలగానే ఒక్కసారి ‘టక్కు’మంటే జాయింటు అరుగుదలను, ఇరుసును కమానుకు బిగించే యు బోల్టుల వదులును, ఇంజన్ కింది రబ్బరు దిమ్మల చిరుగును అనుమానించాలి. గతుకులలో మాత్రమే వస్తే కమాను బుష్‌లను, షాక్ అబ్జార్బర్లను చూడాలి. వేగాన్ని అనుసరించి లయగా వస్తే తిరిగే భాగాలలో లోపం ఉన్నట్లు.

లయగా వచ్చే మోత విషయంలో గణితం తోడ్పడుతుంది. అంబాసిడర్ చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. అప్పుడు చక్రం సెకనుకు రెండున్నర సార్లు, పది సెకన్లలో 25 సార్లు తిరుగుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా షాఫ్టు సుమారు నాలుగున్నర చుట్లు తిరుగుతుందనుకొంటే, అదే పది సెకన్లలో దాని చుట్లు 110కి పైబడతాయి. పది సెకన్లలో 25 దెబ్బలను మనిషి సులభంగా లెక్కించగలడు. 110 దెబ్బలు లెక్కకు అందవు. అవి గలగలగానో అదురుగానో తోస్తాయి. కాబట్టి పక్కన కూర్చున్నవారు గడియారం చూస్తూ లెక్కించగలిగిన ‘ధబ్ ధబ్’ మోత షాఫ్టుది కాక చక్రపు వేగంతో తిరిగే భాగానిదై ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష సగం అనుమానాలను తొలగిస్తుంది.

చక్రపు వేగంతో తిరిగేవి టైరు, బ్రేకు డ్రమ్ము, ఇరుసు కడ్డీ, క్రౌన్ చక్రం. వీటిలో దోషి ఏదో తేల్చడానికి మరొక పరీక్ష ఉంది. రద్దీలేని తిన్నని దారిలో ఒకమారు యాక్సిలరేటరు నొక్కి, మరొకమారు వదిలి వినాలి. క్రౌన్ పన్ను దెబ్బతింటే భారం మారినప్పుడల్లా మోత తీరు మారుతుంది. టైరు ఉబ్బితే భారంతో నిమిత్తం లేకుండా అదే మోత కొనసాగుతుంది. వెనుక టైర్లను ముందుకు, ముందు టైర్లను వెనుకకు మార్చినప్పుడు మోత కూడా స్థానం మారితే ఇక సందేహం ఉండదు. బ్రేకు తొక్కినప్పుడే మోత వస్తే డ్రమ్ము గుండ్రదనం తప్పిందని ఊహించవచ్చు.

అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా అన్ని కార్లకూ అన్వయించరాదు. 1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, దాని ఛాసిస్ నుండి రూపొంది 1962లో బ్రిటన్‌లో వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఇందుకు నిదర్శనాలు. వాటి వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగుతాయి. అందుకోసం ఇరుసు కడ్డీలకు కూడా జాయింట్లు అమర్చారు. ఆ జాయింట్లు చక్రపు వేగంతోనే తిరుగుతాయి. కాబట్టి ఆ కార్లలో లెక్కకు అందే మోతకు జాయింటు కూడా కారణం కావచ్చు. నిర్మాణం తెలియనిదే నిదానం కుదరదు.

ప్రయాణపరీక్ష ముగిసిన తరువాతనే బండి కిందికి దూరాలి. సమతలంపై నిలిపి, ముందు చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, బలమైన స్టాండ్లపై నిలిపితేనే అది క్షేమం. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాంతకం. షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పినప్పుడు జాయింటులోని క్రాస్‌కు, దానిని పట్టివుంచే కొమ్ములకు మధ్య కదలిక కనిపించకూడదు. క్రాస్ చుట్టూ ఎర్రని తుప్పు పొడి ఉంటే గ్రీజు ఎండిపోయిందని అర్థం. షాఫ్టు విప్పేముందు రెండు ముక్కల మీద గుర్తులు పెట్టుకోవాలి. వంపుగా తిరిగే జాయింటు ప్రతి చుట్టులోను రెండుమార్లు వేగాన్ని హెచ్చుతగ్గులు చేస్తుంది. రెండవ జాయింటు సరైన వరుసలో ఉన్నప్పుడే ఆ దోషాన్ని సరిచేస్తుంది. ఒక పన్ను తేడాగా బిగించినా కొత్త అదురు పుట్టుకొస్తుంది.

కోనసీమ వంటి చోట్ల డిఫరెన్షియల్ ఆయిలును కూడా పరిశీలించాలి. వేడెక్కిన ఇరుసు వరదనీటిలో మునిగినప్పుడు లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు సీళ్ళ సందుల గుండా నీరు లోనికి పీల్చబడుతుంది. పాలవలె తెల్లబడిన ఆయిలు అందుకు సాక్ష్యం. ఆయిలులో మెరిసే లోహపు పలుకులు కనిపిస్తే పళ్ళచక్రాలో బేరింగులో దెబ్బతిన్నాయని గ్రహించాలి.

ఈ క్రమమంతా కేవలం పాండిత్యం కోసం కాదు. అద్దెకారు మీద బ్రతికే కుటుంబం టైరు చేసే మోతకు డిఫరెన్షియల్‌ను మార్పిస్తే ఆ సంపాదన వృథా అవుతుంది. మోత మాత్రం మిగిలే ఉంటుంది. నిజంగా జాయింటే అరిగినప్పుడు అలక్ష్యం చేస్తే ముప్పు మరింత పెద్దది. వేగంలో ముందు జాయింటు తెగితే షాఫ్టు కొస నేలకు తగిలి బండి అదుపు తప్పవచ్చు. ఒకవైపు కాలువ, మరొకవైపు పొలాలు ఉన్న ఇరుకు గట్టుమీద అది ఎంతటి ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్షించకుండా భాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చడం చికిత్స కాదు. వినడం, లెక్కించడం, ఒక్కొక్క అనుమానాన్ని తొలగించడం, చివరకు మిగిలినదాన్ని కంటితో చూసి నిర్ధారించడం ఇందులోని వరుస. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు అనుసరించే మార్గమూ ఇదే. నూనె మరకల చొక్కాతో షెడ్డులో వంగి పనిచేసే మెకానిక్ ఈ మార్గాన్ని పాటించినప్పుడు అతని పని కూడా శాస్త్రమే అవుతుంది.