కాకినాడ గాలికి కూలరేం చేస్తుంది?

“హైదరాబాదులో మా అన్నయ్య వాళ్లు కూలరుతోనే వేసవి గడిపేస్తారు. కాకినాడలో మేం అదే మోడల్ కొంటే ఒళ్లంతా జిగట. కంపెనీవాళ్లు మోసం చేశారా?” ఏటా మే నెలలో ఈ ప్రశ్న తప్పదు. వెంటనే పక్కింటివారి సలహా: ట్యాంకులో ఐసు వేసి, చల్లదనం పోకుండా తలుపులు బిగించమని. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

కూలరులో పని చేసేది చన్నీళ్లు కాదు, నీరు ఆవిరి కావడం. గాలిని ఆర్టీసీ బస్సనుకోండి. హైదరాబాదు వేసవి బస్సు దాదాపు ఖాళీగా వస్తుంది. కూలరు గడ్డి దగ్గర ఆగగానే నీటి అణువులు వేడిని మూటగట్టుకుని ఎక్కేస్తాయి. కాకినాడ బస్సు సముద్రం దగ్గరే కిక్కిరిసి, ఫుట్‌బోర్డు మీద జనంతో వస్తుంది. ఇక ఎక్కేదెవరు? తలుపులు మూశారా, అదే బస్సు డిపోలోనే చక్కర్లు కొడుతుంది, ఎక్కినవాళ్లు దిగరు. మీ చెమట కూడా అదే బస్సు కోసం ఎదురుచూస్తూ ఒంటిమీదే ఉండిపోతుంది.

హైదరాబాదులో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడి గడ్డి గాలిని చల్లార్చగల హద్దు సుమారు 23 డిగ్రీలు. కాకినాడలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ఆ హద్దు 30. ఐసు సంగతంటారా? కిలో ఐసు కరిగేటప్పుడు లాగే వేడికి ఏడింతలు, లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు పోతుంది. ఆ ఆవిరే కానప్పుడు ఐసు ముచ్చట కాసేపే.

ఏసీ చేసేది బస్సులోంచి జనాన్ని దించడం. దిగేవాళ్లు మూటలు అక్కడే వదిలేస్తారు. ఏసీ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. లీటరు నీరు పడిందంటే, సుమారు 0.67 యూనిట్ల వేడిని తేమ కోసమే బయటికి మోసిందన్నమాట. అందుకే చిన్న గదికి టన్నున్నర ఏసీ బిగించడం తెలివి కాదు. గది ఇట్టే చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, కాయిల్ మీది తడిని ఫ్యాన్ మళ్లీ గదిలోకే ఊదుతుంది. చల్లగా ఉన్నా చెమ్మ పోదు. మనం రిమోట్ అందుకుని 20కి దించుతాం. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, బీఈఈ, చెబుతోంది. 26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ తిప్పండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు.

అసలు వేడి లోపలికి రానివ్వకపోతే ఈ మోత చాలావరకు తగ్గేది. కానీ వాస్తు సిద్ధాంతిగారు యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలంటారు. సాయంత్రందాకా ఎండ తాగిన పడమటి గోడ రాత్రంతా మంచం మీదికి సెగ వదులుతుంది, సిద్ధాంతిగారు మాత్రం వాళ్లింట్లో హాయిగా నిద్రపోతారు. ఆ గోడకు నీడ కల్పించండి, డాబాకు తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేయించండి. తెలంగాణ 2023లో దీనికోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది.

కూలరు ఇప్పటికే కొనేసిన కాకినాడవారు దాన్ని కిటికీ బయట పెట్టి, ఎదురు తలుపు తెరిచి ఉంచండి. ఉక్కపోత మరీ ఎక్కువైన రోజున పంపు ఆపేసి ఫ్యాన్ ఒక్కటే తిప్పుకోండి.