ఇంటి స్థలం కొనేముందు

ఒక తాపీమేస్త్రీ పదేళ్లు కూడబెట్టిన డబ్బుతో ఊరి చివర 150 గజాల స్థలం కొన్నాడనుకోండి. స్టాంపు డ్యూటీ కట్టాడు, రిజిస్ట్రేషన్ అయింది, దస్తావేజు చేతికి వచ్చింది. ఆరు నెలల తర్వాత పునాది తీయబోతే మరొకాయన వచ్చి "ఈ స్థలం నాది" అన్నాడు. ఆయన దగ్గర ఉన్నదీ రిజిస్టరయిన దస్తావేజే. పైగా అది రెండేళ్లు పాతది. స్థలం ఎవరిది?

'రిజిస్ట్రేషన్ అయిందంటే ప్రభుత్వం ఒప్పుకొన్నట్లే' అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. రాసిచ్చిన వ్యక్తి దానిని తానే రాశానని ఒప్పుకొన్నాడా, సుంకం చెల్లిందా అన్నవి సబ్ రిజిస్ట్రార్ చూస్తారు. అమ్మేవాడికి నిజంగా హక్కు ఉందా అన్నది తీర్పు చెప్పడం ఆయన పని కాదు. తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి ఇవ్వలేరు. మన మేస్త్రీకి అమ్మిన వ్యక్తి అదే స్థలాన్ని రెండేళ్ల క్రితమే అమ్మేశాడు. రెండవసారి అమ్మడానికి అతని దగ్గర ఏమీ మిగలలేదు.

అలాగని రిజిస్ట్రేషన్ అక్కరలేదనుకోకండి. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థలం అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. నోటరీ కాగితం చాలదు. జి.పి.ఎ. రాయించుకొన్నంత మాత్రాన కూడా యజమాని కాలేరని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మరి మేస్త్రీ ఏం చేసి ఉండవలసింది? సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కొద్దిపాటి రుసుము కట్టి ఇ.సి. తీసుకోవలసింది. ఆ స్థలంపై రిజిస్టరయిన అమ్మకాలు, తనఖాలు, దాన పత్రాలు అందులో వరుసగా కనిపిస్తాయి. మొదటి అమ్మకం అక్కడే బయటపడేది. సాధారణంగా ముప్పై ఏళ్లకు ఇ.సి. అడుగుతారు. దానిని లింకు దస్తావేజులతో పోల్చి, ఒకరి నుండి మరొకరికి స్థలం ఎలా వచ్చిందో గొలుసు తెగకుండా చూసుకోవాలి. అయితే రిజిస్టరు కాని ఒప్పందాలు, అన్నదమ్ముల వాటా తగాదాలు ఇ.సి.లో ఉండవు. వాటికోసం ఇరుగుపొరుగును అడగక తప్పదు. బ్రోకరు తొందరపెడుతున్నాడంటే ఇంకా నిదానంగా అడగండి.

భూమి స్వభావం మరో సంగతి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూముల అమ్మకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం నిషేధించింది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడకుండా బయానా ఇవ్వకండి. లేఅవుట్‌లో కొంటే అనుమతి పత్రం చూడండి. పంచాయతీ రసీదు లేఅవుట్ అనుమతి కాదు. అనుమతి లేని చోట ఇంటి ప్లానుకూ, బ్యాంకు అప్పుకూ చిక్కులు వస్తాయి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు, మించిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేశాకే ప్లాట్లు అమ్మాలి. అటువంటి చోట అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

మీరు చేయవలసిన పని: మీ ఇంటి దస్తావేజు గాని, తెలిసినవారిది గాని అడిగి తీసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాత ఆ స్థలానికి వెళ్ళి, తూర్పున ఎవరిదని రాసి ఉందో అక్కడ ఇప్పుడు ఎవరున్నారో కనుక్కోండి.