కీళ్ళవాతం: రక్తపరీక్ష చెప్పేది, చెప్పనిది

వేళ్ళ కణుపులు నొప్పి పెడితే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "వాతం చేసింది" అని. ఇప్పుడు దానికి తోడు "రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందట" అన్న మాట కూడా చేరింది. మన సభ్యులు ఇండియాలోని అమ్మగారివో అత్తగారివో ల్యాబు కాగితాలు తెచ్చి, "ఇది కీళ్ళవాతమేనా?" అని మా డాక్టర్లను అడుగుతుంటారు. కాగితం ఒక్కటే చూసి మేము జవాబు చెప్పలేము. కారణం ఇది.

వయసుతో మోకాళ్ళు అరగడం వేరు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వేరు. ఈ రెండోదానిలో ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే కీళ్ళ లోపలి పొర మీద తిరగబడుతుంది. దాని ఆనవాళ్ళయిన యాంటీబాడీలను రక్తంలో వెతుకుతాము.

మొదటిది రుమటాయిడ్ ఫాక్టర్. 1940లో నార్వే డాక్టరు ఎరిక్ వాలర్ దీనిని గమనించారు. ఈ జబ్బున్న పదిమందిలో సుమారు ఏడుగురికి ఇది కనిపిస్తుంది. అయితే హెపటైటిస్-సి, క్షయ ఉన్నవారిలోనూ, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్ళలోనూ కనిపిస్తుంది. రెండోది యాంటీ-సి.సి.పి. ఇది 2000 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. జబ్బును పట్టుకోవడంలో రెండూ ఇంచుమించు సమానమే. కాని జబ్బు లేనివారికి పొరపాటున పాజిటివ్ రావడం రెండోదానిలో బాగా తక్కువ.

మరి నెగటివ్ వస్తే? జబ్బు లేదని కాదు. 2010లో అమెరికా, యూరప్ నిపుణులు కలిసి చేసిన లెక్కలో మొత్తం 10 మార్కులు. 6 వస్తే రుమటాయిడ్ అంటారు. అందులో యాంటీబాడీలకు దక్కేది అత్యధికంగా 3. అసలు ఒక కీలైనా వాచి ఉంటేనే ఆ లెక్క మొదలవుతుంది. చేతుల, పాదాల చిన్న కీళ్ళు వాచి ఉంటే, రక్తపరీక్షలు నెగటివ్ అయినా స్పెషలిస్టు దగ్గరకు త్వరగా పంపాలని ఇక్కడి నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇండియా వెళ్ళి వచ్చాక కీళ్ళు పట్టేస్తే ఆ ప్రయాణం సంగతి మీ జి.పి.కి తప్పక చెప్పండి. చికున్‌గున్యా జ్వరం తగ్గాక కూడా కీళ్ళనొప్పులు నెలల తరబడి ఉండి, అచ్చం రుమటాయిడ్ లాగే కనిపించవచ్చు.

పొద్దున్నే అరగంటకు పైగా వేళ్ళు బిగుసుకుపోయి జడ వేసుకోవడం, సీసా మూత తిప్పడం కష్టమవుతుంటే, కణుపులు వాచి ఉంటే, రిపోర్టు కోసం ఆగకండి. ఒకసారి తినేసిన ఎముక తిరిగి రాదు. మొదటి నెలల్లో మందు మొదలుపెడితే చాలామందికి కీళ్ళు దక్కుతాయి. వాపేమీ లేకుండా కాగితం మీద మాత్రమే పాజిటివ్ ఉంటే, పేరు తెలియని పొడులూ బిళ్ళలూ మింగవద్దు. ఎవరికైనా మెథోట్రెక్సేట్ రాసి ఉంటే అది వారానికి ఒక్కసారి వేసుకొనే మందని గుర్తుంచుకోండి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

ఈసారి ఫోనులో అమ్మగారిని రిపోర్టు ఏమి వచ్చిందని అడిగే ముందు, పొద్దున లేవగానే పిడికిలి బిగించగలుగుతున్నారా అని అడగండి.