తుపాను పిమ్మట వచ్చిన బడిపిల్లలు

2025 సంవత్సరము అక్టోబరు మాసాంతమున మొంథా తుపాను మన తీరమును దాటిన పిదప జరిగిన సంఘ సమావేశమునం దొక సభ్యుడు లేచి, "మరల నిట్టి ఉపద్రవము వచ్చినచో హైస్కూలు పిల్లలు వచ్చి సాయము చేసెద మనుచున్నారు. రమ్మందుమా, వలదందుమా? వారికి వండిపెట్టుట మనకు మరియొక పని కాదా?" యని యడిగెను. కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఏలయన నేనును ఒకప్పు డట్లు వచ్చిన పిల్లలలో నొకడను. మేము చేసిన మేలును, చేసిన కీడును నాకు బాగుగ జ్ఞాపకమున్నవి. ఆ కీడు సంగతి నేను ఇంతవరకు నలుగురిలో చెప్పియుండలేదు.

1996 నవంబరు 6వ తేది బుధవారము రాత్రి, దీపావళి నాలుగు దినము లున్నదనగా, కోనసీమపై పెనుతుపాను విరుచుకొనిపడెను. వేయిమందికి పైగా మరణించిరి. బలుసుతిప్ప, భైరవపాలెము మొదలగు తీరగ్రామముల నుండి వేటకు పోయిన బెస్తలు పెక్కురు తిరిగి యిల్లు చేరలేదు. కొబ్బరిచెట్లు లక్షలకొలదిగా కూలెను. సార్వా వరి గింజ గట్టిపడు సమయము. చేలన్నియు చాప పరచినట్లు నేల కంటుకొనిపోయెను.

నే నప్పుడు గుంటూరు జిల్లాలో నొక మిషను హైస్కూలున పదవ తరగతి చదువుచుంటిని. తుపాను గడచిన రెండు వారములకు ఇరువదిరెండుగురము విద్యార్థులము, ఇద్దరు మాస్టార్లతో రాజమండ్రివరకు రైలులోను, అచ్చటినుండి లారీమీదను బయలుదేరితిమి. మాతో తీసికొనిపోయినవి పాతబట్టల మూటలు పదునాలుగు, బియ్యము, మూడు గొడ్డళ్లు. రంపము లేదు, మోకు లేదు. ఆ బట్టలు ఎవరికి కావలయునని మే మెవరిని అడిగియుండలేదు. మాకంటె ముందే లారీలకొలది పాతబట్టలు వచ్చి వానలో తడిసి రోడ్ల ప్రక్కన కుప్పలుగా పడియుండుట చూచినపుడు మా మూటలను దింపుటకే సిగ్గు కలిగెను.

అమలాపురము దాటి ముమ్మిడివరము వైపు పోవుచుండగా మాటలాడువా డొక్కడు లేకపోయెను. తోటలు తోటలే ఒకే దిక్కునకు పండుకొనియుండెను. నిలిచినవాటిలో సగమునకు తలలు లేవు. మొండెములు మాత్రము స్తంభములవలె నుండెను. మేము పోయిన గ్రామము పేరు వ్రాయను. ఆ యూరి సహకార సంఘమువారు గోదాములోని ఎరువుల బస్తాలను ఒక మూలకు జరిపి మాకు చోటిచ్చిరి. ఊరివారే పూరికప్పులు లేక యుండగా మాపై రేకుల కప్పు ఉండెను.

మొదటి మూడు దినములు దారులకు అడ్డముపడిన మ్రాకులను నరికి తొలగించితిమి. పని బాగుగనే సాగెను. గొడ్డలి పట్టుట నేర్చిన పిల్లవానికి దానిని దింపబుద్ధి కాదు. నాలుగవ దినమున, కాలువగట్టుమీది యొక తోటలో ప్రవేశించితిమి. తోట యజమాని డెబ్బదియేండ్ల వృద్ధుడు. ఆసుపత్రిలో నున్న భార్యను చూచుటకై అమలాపురము పోయియుండెను. అడుగుటకు మనిషి లేడు. ఆయన వచ్చుసరికి తోట శుభ్రము చేసి యుంచినచో సంతోషించునని మాలో మేమే అనుకొంటిమి. మాస్టార్లలో నొకరు జ్వరముతో పడియుండిరి. రెండవవారు వరిచేలలోని జట్టుతో నుండిరి. పూర్తిగా కూలిన చెట్లతో నారంభించి, పిమ్మట ప్రక్కకు వాలియున్న చెట్లమీదకు పోయితిమి. వాలినది ఎట్లును పడునదే కదా యని మా తర్కము. సాయంకాలమునకు వాలిన పడుచుచెట్లు పదునొకండు నరికితిమి. వానిలో మూడు నా చేతి గొడ్డలిచే పడినవి.

మరునా డుదయమున వృద్ధుడు వచ్చెను. కేకలు వేయలేదు. ఒక మొదలు దగ్గర కూర్చుండి తెగిన తలను తన దగ్గరకు లాగికొని, మట్టలను విడదీసి, నడుమ తెల్లనైన మొవ్వును వ్రేలితో నొక్కి చూచెను.

"ఎవరు కొట్టమన్నారర్రా?" అనెను.

"పడిపోయిన వనుకొన్నామండి, తాతగారూ."

"వాలితే పడిపోయినట్టా? ఇది బతికే ఉంది బాబూ. ఇదిగో, మొవ్వు చూడండి. వచ్చే ఏడు గెల వేసేది."

కొబ్బరికి తలలో నుండునది ఒక్కటే మొవ్వు. వేపకువలె, చింతకువలె ప్రక్కకొమ్మ చిగిర్చుట దానికి లేదు. మొవ్వు తెగిన చెట్టు నిటారుగా నున్నను చచ్చినదే. మొవ్వు గట్టిగా నుండి వేళ్లు ఒక ప్రక్కనైన నేలను పట్టియున్న చెట్టు వాలియున్నను బ్రతికినదే. ఈ యొక్క మాట మాకు ముందుగా తెలిసినచో పదునొకండు చెట్లు నిలిచియుండును. మన పొడుగురకపు కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. ఆ వృద్ధునకు డెబ్బదియేండ్లు. లెక్క మీరే వేసికొనవచ్చును.

మాస్టారుగారు మమ్ములను వరుసగా నిలువబెట్టి, ఎవ డెన్ని నరికెనో వాడే ఆయనకు చెప్పవలయునని నిర్ణయించిరి. నా వంతు వచ్చినపుడు నా గొంతు పెగలలేదు. ఆ మధ్యాహ్నమున పొరుగువా డొకడు వచ్చి, నష్టపు లెక్కలలో ఈ పదునొకటిని గూడ గాలికి కూలినవానిలో వ్రాయింపుమని ఆయనకు సలహా చెప్పెను. చెట్టుకింత యని పరిహారము రావచ్చునని అందరు ననుకొనుచుండిన దినము లవి. వృద్ధుడు "గాలి కొట్టినవి వేరు, పిల్లలు కొట్టినవి వేరు" అని వానిని వ్రాయింపలేదు. పరిహారముకంటె ఆ మాట మాకు బరువుగా తోచెను.

పిమ్మట ఆయన మాకు పని నేర్పెను. ఉంచవలసిన ప్రతి చెట్టునకును గడ్డివెంటి కట్టెను. వెంటి యున్న చెట్టుమీద గొడ్డలి పడరాదు. వాలిన చెట్టును లేపుటకు క్రింది మట్టలను కొన్నిటిని కోసి బరువు తగ్గించి, పైకి లేచిన వేళ్లవైపున గోయి త్రవ్వి, మోకు కట్టి లాగవలయును. ఒక్కసారిగా లాగినచో మిగిలిన వేళ్లును తెగును. మేము దినమునకు కొంచెము కొంచెముగా లాగితిమి. కూలిన మ్రాకులనే ఊతములుగా నిలిపి, మొదట మట్టి ఎగదోసి త్రొక్కితిమి. పూర్తిగా నిటారు కావలసిన పనిలేదు. మొవ్వు తానే ఆకాశము వైపు తిరుగును. అట్లు పదునేడు చెట్లను లేపితిమి. వెనుకటి గొడ్డలిపనికంటె ఇది నాలుగింతలు ఆలస్యమైన పని. చూపుటకును గొప్పగా నుండదు.

వరిచేలలోని జట్టు పని చక్కగ జరిగెను. అచ్చట రైతులు వెంటనుండి చెప్పుచుండిరి గనుక తప్పు పోలేదు. నీరు బయటకు తీసి, పడిన దుబ్బులను నాలుగేసి చేర్చి నిలబెట్టి కట్టిరి. గింజ ముదిరి నేల కంటిన పైరులో మొలక రాకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవచ్చునని నేను తరువాత నుద్యోగములో చేరి నేర్చికొంటిని.

నేర్చిన మరియొక సంగతి. కూలిన మ్రాకులను తోటలోనే కుళ్లనిచ్చినచో వానిలో కొమ్ముపురుగు పెరిగి, బ్రతికిన చెట్ల మొవ్వులను తొలుచును. గాయపడిన కాండములలో ఎర్రముక్కు పురుగు ప్రవేశించును. తడిసి నలిగిన మొవ్వునకు కుళ్లు తెగులు సోకును. కావున తుపాను గడచిన వెంటనే తలలను శుభ్రపరచి నూటికి ఒక పాలు బోర్డో మిశ్రమము మొవ్వులో పోయవలయును. కిలో మైలతుత్తమును ఏబది లీటర్ల నీటిలోను, కిలో సున్నమును మరి ఏబది లీటర్లలోను వేరువేరుగా కరిగించి, తుత్తపునీటిని సున్నపునీటిలో పోయుచు కలుపవలయును. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపిన మందులో ఇనుప కత్తి ముంచి తీసినపుడు కత్తికి రాగిరంగు పట్టినచో సున్నము చాలలేదని యర్థము.

2010లో ఉద్యోగపు పనిమీద ఆ ప్రాంతమునకు పోయినపుడు ఆ తోట చూచితిని. వృద్ధుడు అంతకుముందే కాలము చేసెను. కోడలు తోట చూచుకొనుచుండెను. మేము లేపిన పదునేడింటిలో పదుమూడు బ్రతికినవి. మొదట వంకరగ నుండి, నడుమునుండి నిటారుగా లేచిన చెట్లవి. దూరము నుండియే గుర్తింపవచ్చును. కాపు బాగున్నది. నరికిన పదునొకటి చోటులలో ఆయన ఆ యేడే మొక్కలు పెట్టెనట. ఆమె వానిలో నొకదానినుండి బొండము దింపించి యిచ్చినది. నే నెవడనో చెప్పితిని. ఆమె "మా మావగారు చెప్పేవారండి, గుంటూరు పిల్లలని" అని యూరకుండెను. ఏమని చెప్పెడివారో నే నడుగలేదు.

ఇక సభ్యుని ప్రశ్నకు. పిల్లలను రమ్మనుడు. వారి చేతులలో బలము గలదు. మన యిండ్లలో వయసువా రుద్యోగములకు పోయి, తోటలలో వృద్ధులే మిగిలిన యీ కాలమున ఆ బలము మనకు కావలయును. కాని వారు బయలుదేరకముందే వారి మాస్టారునకు మన మొక ఉత్తరము వ్రాయవలయును: బట్టలు వలదు, మోకులు, రంపములు, తినుటకు బియ్యము తెండని. జట్టున కొక రైతు వెంటనుండవలయును. యజమాని లేని తోటలో అడుగుపెట్టరాదు. చెట్లకు వెంట్లు కట్టుట వారు రాకముందే ముగియవలయును. విద్యుత్తు తీగలు పడియున్న చోటికిని, మోకు లాగుచున్న చెట్టు నీడకును పిల్లలను పోనీయరాదు. ఇందులో మొగమాటము కూడదు.

మన గోదాములో నిప్పుడున్నది ఒక్క రంపము, అదియు పండ్లు అరిగినది. ఇద్దరు పట్టి కోయు రంపములు రెండు, నూరడుగుల మోకులు నాలుగు, గునపములు ఆరు వచ్చే ఆశ్వయుజమునకు ముందుగా కొనవలయునని కార్యవర్గమునకు వ్రాసితిని. ఇంట మోకులున్న సభ్యులు ఎన్ని యున్నవో కార్యదర్శిగారి వద్ద వ్రాయించినచో కొనవలసినవి తగ్గును. వెంట్లు కట్టుటకు చెట్టు గుర్తెరిగిన పెద్దలు వాడవాడ నెవరున్నారో ఆ పేర్లుకూడ అదే పుస్తకములో చేర్చుట మంచిది.